గదిలో ఎవరూ లేరు

గాడ్విన్ పెర్రాట్ దొరకి నోరే పెట్టుబడి. వర్జీనియాలో యార్క్ నది ఒడ్డున ఆ ఇటుకల మేడ, పొగాకు చేలు, రెండు గుర్రాల బగ్గీ, అన్నీ ఆ నోటి చలవే. కోర్టులో ఆయన గొంతు విప్పితే అవతలి వకీలు నీళ్ళు నమిలేవాడు. ఆ ఏడు విలియమ్స్‌బర్గ్ శాసనసభలో లేచి, "మన సమ్మతి అడగకుండా మన సొత్తు మీద చెయ్యి వెయ్యడానికి ఇంగ్లండు పార్లమెంటు ఎవరు? మనమేమన్నా బానిసలమా?" అని గర్జించాడు. సభ అంతా బల్లలు చరిచింది. ఆ పొద్దున ఆయనకి గడ్డం గీసినవాడూ, విగ్గుకి పొడి అద్దినవాడూ, బగ్గీ తోలినవాడూ బానిసలే. అయినా ఆ పెద్దమనిషికి నవ్వు రాలేదు సరికదా, తన మాటకి తనకే కళ్ళు చెమర్చాయట. సిగ్గూ శరమూ లేని జన్మ!

ఈ ముచ్చట ఆయన భోజనాల బల్ల దగ్గర చెప్పినప్పుడల్లా సబీనా వెనక నిలబడి వింటూనే ఉండేది. సబీనా దొరసాని దాసి. అర్సులా దొరసానితో పాటు పుట్టింటి నుంచి అరణంగా వచ్చిన మనిషి. దొరసానికి జడ వెయ్యాలన్నా, నడికట్టు బిగించాలన్నా సబీనా చెయ్యే పడాలి.

ఇప్పుడు దొర దిగువ పొలం అమ్మేస్తున్నాడు. కొండల అవతల కొత్త భూముల మీద మనసు పడ్డాడు మరి. వర్జీనియా చట్టంలో బానిసలూ నేల కిందే లెక్క. పొలం పోతే ఆ పొలం పేరున ఉన్న మనుషులూ పోతారు. సబీనా కూతురు లెట్టీ ఆ పొలం పేరున ఉంది. ఎందుకుందంటే, సబీనా కడుపు కనబడగానే దొరసాని ఆమెని అక్కడికి తరిమింది. పిల్ల అక్కడే పుట్టింది. జడ వేసే దిక్కులేక తల్లినీ పిల్లనీ మళ్ళీ ఇంటికి పిలిపించుకుని పిల్లని వంటింట్లో పడేసింది కానీ, పిల్ల ముఖాన దొర బూడిదరంగు కళ్ళు చూసిన ప్రతిసారీ దొరసానికి కడుపు రగిలిపోయేది. ఆ కళ్ళు ఎవరివో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

కొనడానికొచ్చినవాడు దక్షిణాన కరోలినా ఆసామి. పొలం కౌలుకిచ్చేసి మనుషుల్ని మాత్రం తన వరి మడుల్లోకి తోలుకుపోతానని నవ్వుతూ చెప్పాడు. మోకాలి లోతు బురద, చలిజ్వరం. ఆ మళ్ళలోకి దిగినవాళ్ళు వెనక్కి వచ్చారని ఎవరూ వినలేదు.

సబీనా దొరసాని కాళ్ళ మీద పడి ఏడ్చింది. "పోనీలేవే, పీడ విరగడవుతుంది" అంది దొరసాని, వేళ్ళకి ఉంగరాలు పెట్టుకుంటూ.

ఏడుపుకి కరగదని తెలిసిపోయింది. అయితే దిగువ పొలం దొరసాని పుట్టింటి సొత్తు. పెళ్ళాం సొత్తు మొగుడు అమ్మాలంటే, ఇద్దరు న్యాయాధికారులు వచ్చి, మొగుణ్ణి బయటికి పంపి, తలుపు వేసి ఆమెను ఒంటరిగా అడగాలి. ఆ దేశపు రివాజది. సంతకం పెట్టే రోజు పొద్దున నడికట్టు తాళ్ళు లాగుతూ సబీనా ఇంకో దారి తొక్కింది.

"పసుపు పట్టు గౌను వేసుకుంటారా అమ్మా? ఆ కాస్త పనికి అంత మంచిది దేనికిలెండి."

"కాస్త పనేంటే?"

"నాకేం తెలుసమ్మా. దొరగారు ఆ పెద్దలతో అంటుంటే విన్నా. 'లోపలికెళ్ళి ఒకసారి మొహం చూపించి రండి, మా ఆవిడ తలూపుతుంది, ఆపైన పంది తొడ కోసుకుందాం' అన్నారు."

అది అబద్ధం కాదు. దొర సరిగ్గా అదే మాట అన్నాడు.

"తలూపుతుంది అన్నాడా?"

"గుర్రాన్నన్నట్టే అన్నారమ్మా. అందరూ ఒకటే నవ్వు."

దొరసాని మెడ ఎర్రబడింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. "ఇంకాస్త బిగించి చావు" అంది. సబీనాకి గుండెలో చిన్న ఆశ మొలిచింది.

న్యాయాధికారి కోల్‌బ్రాన్ దొరకి తాగుడు నేస్తం. రెండోవాడు కూర్చోగానే కునుకు తీశాడు. పెర్రాట్ దొర బయటికి వెళ్ళి తలుపు మూశాడు. సబీనా విసనకర్ర పట్టుకుని దొరసాని కుర్చీ వెనక నిలబడింది.

"రివాజు ప్రకారం అడగాలమ్మా. గదిలో మీరూ మేమూ తప్ప ఎవరూ లేరు కదా?" అన్నాడు కోల్‌బ్రాన్.

"ఎవరూ లేరు" అంది దొరసాని.

సబీనా విసురుతూనే ఉంది.

"మీ భర్త బెదిరింపు గానీ, బలవంతం గానీ లేకుండా, మీ అంతట మీరే ఈ అమ్మకానికి సమ్మతిస్తున్నారా?"

దొరసాని వేలి ఉంగరం తిప్పుతూ కూర్చుంది. గోడవతల సారా కలిపే పంచ్ గిన్నెలో గరిటె చప్పుడు వినబడుతోంది. ఇంతలో తలుపు మీద వేళ్ళతో టకటక కొట్టి దొర అరిచాడు.

"అర్సులా! ఊ అనవే తొందరగా! మాంసం చల్లారిపోతోంది!"

కోర్టులో ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసినవాడే. ఇంట్లో ఆ అవసరం ఏనాడూ పడలేదు.

"సమ్మతించను" అంది దొరసాని.

కోల్‌బ్రాన్ కలం జారింది. తలుపు దభాలున తెరుచుకుంది.

"మతి పోయిందా నీకు? మాట ఇచ్చేశాను! నా పరువేం కాను?"

"ఇచ్చింది మీరు, నేను కాదు." దొరసాని లేచి నిలబడింది. "అడక్కుండా సొత్తు ముట్టుకుంటే దొంగతనమని సభలో బల్ల గుద్దింది నువ్వు కాదూ? చప్పట్లకేనా ఆ మాటలు? ఇది నా తండ్రి నేల. నేను ఇవ్వను, పో!"

నువ్వు అనేసింది, పరాయివాళ్ళ ముందు! గెలిచాం తల్లీ, లెట్టీ, గెలిచాం అనుకుంది సబీనా. ఆనందం పట్టలేక విసనకర్ర ఆపేసింది.

గాలి ఆగడంతో దొరసాని వెనక్కి తిరిగింది. సబీనా ముఖాన వెలుగు ఆమె కంటపడింది. ఆ వెలుగు ఎందుకో, పొద్దున ఆ మాటలు ఎందుకు చెవిలో పడ్డాయో, అంతా ఆమెకి ఒక్కసారిగా తెలిసిపోయింది. చూపు అలాగే నిలిపి, మెల్లగా పెదవి విరిచింది.

"కోల్‌బ్రాన్ గారూ, నేల ఇవ్వను. మనుషుల్నీ ఇవ్వను. ఒక్క లెట్టీని మాత్రం ఆ కరోలినా ఆయన్ని తీసుకుపొమ్మనండి. దానికి నా సమ్మతి ఉంది. ఎవరి బలవంతమూ లేదు."

"నేల లేకుండా ఒక్క మనిషిని... అలా కుదురుతుందంటావా పెర్రాట్?"

పెర్రాట్ దొర కిటికీలోంచి నది వైపు చూశాడు. అవే బూడిదరంగు కళ్ళు.

"కుదురుతుంది. రాయి" అన్నాడు. "వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపితే ఏం బాగుంటుంది?"

కన్న తండ్రి! సబీనాకి ఒళ్ళంతా మంట లేచింది. భయం ఎటు పోయిందో పోయింది.

"నేను సమ్మతించను" అంది.

పెద్ద గొంతుతోనే అంది. కునికేవాడు ఉలిక్కిపడి లేచాడు. "ఎవరో మాట్లాడారే?"

కోల్‌బ్రాన్ సిరాలో కలం ముంచి సబీనా మీదుగా గోడకేసి చూశాడు. "ఎవరూ లేరండీ. మీరు సంతకం పెట్టండి." ఆ మాటకి పెర్రాట్ దొర పకపకా నవ్వాడు, గొడవ సర్దుకున్నందుకు తేలికపడి. దొరసాని కూడా నవ్వింది. మొగుడూ పెళ్ళాం కలిసి నవ్వగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

సబీనా విసనకర్రని కుర్చీ మీద పెట్టింది. వాళ్ళ మధ్య నుంచే నడిచి, గడప దాటి, పెరట్లో విడిగా ఉన్న వంటింటికి వెళ్ళింది. ఆమెను ఎక్కడికని అడిగినవాడు లేడు. లేని మనిషిని ఎవరు అడుగుతారు?

వాళ్ళు సంతకాలు పెట్టారు. రాజుగారి ఆరోగ్యానికి తాగారు, ఆపైన స్వేచ్ఛకి తాగారు. కరోలినా ఆసామి కడుపు తడుముకుంటూ భోజనం సంగతి అడిగాడు. దొర గంట కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"సబీనా! ఏమే సబీనా! లెట్టీ! చెవుల్లో సీసం పోసుకున్నారా?"

ఎవరూ పలకకపోయేసరికి దొరసాని గౌను ఎత్తి పట్టుకుని విసవిసా పెరట్లోకి నడిచింది. వంటింటి తలుపు బార్లా తీసి ఉంది. నిప్పుల మీద పంది తొడ ఒక పక్క మాడి బొగ్గవుతోంది. కింద రేవులో నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. ఆల్చిప్పలు తీసే పడవని కట్టేసే గుంజ ఒక్కటే అక్కడ మిగిలింది.

"ఏమైందే? వంటింట్లో ఎవరున్నారు?" మేడ మీంచి దొర కేక వేశాడు.

దొరసాని ఖాళీ గుంజ కేసి చూసింది.

"ఎవరూ లేరు" అంది.