పాత పేజీ తీయలేదు

పొలంలో డ్రిప్ నీటి వాల్వులను నడిపే ఒక సాఫ్ట్‌వేర్‌ను ధరణి, అన్వేష్ కలిసి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా నెట్‌లో పెట్టారు. కోడ్ అలియాబాద్ అన్వేష్‌ది; వాళ్ళ ద్రాక్షతోట కోసం మొదలుపెట్టాడు. దాన్నెలా వాడాలో రాసేది కౌకూర్‌లో ఉండే ధరణి. ఆ రాత ఏ వికీలో ఉండాలన్నదే ఎంతకీ తెగడం లేదు.

మొదటి వికీలో ఎవరైనా రాయొచ్చు. పనికిరాని ప్రకటనలతో నిండిపోయింది. రెండోది ఫోన్లో సరిగ్గా తెరుచుకోదు. ఈసారి కోడ్ పక్కనే పెడదాం, మనం చూశాకే మార్పు ఎక్కాలి అంటాడు అన్వేష్. అలాగైతే రైతులెవరూ రాయరంటుంది ధరణి. ఆఫీసు పనయ్యాక రోజూ ఇదే వాదన. చివరికి విసిగిపోయి ఆ మాటెత్తడమే మానేశారు.

అప్పుడే శామీర్‌పేట దగ్గర టమాటా వేసిన వీరభద్రం అన్వేష్‌కి ఫోన్ చేశాడు. "మందునీళ్ళు ఆగలే తమ్మీ. మొక్కలన్ని మాడినయ్."

ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. ఆకుల అంచులు నల్లబడి ముడుచుకుపోయాయి. వీరభద్రం ఫోన్లో మొదటి వికీ పేజీ చూపించాడు. ఎరువు నీళ్ళు ఎంతసేపు అన్నచోట ముప్పై అని ఉంది. అది రాసినప్పుడు సెకన్లు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో అదే అంకె నిమిషాలు.

"గిది మీదే గద?"

"మాదేనండీ," అంది ధరణి. "పాతది. తీసేయాల్సింది."

"పాతదని ఏడ రాసుంది మేడం?" గొంతు పెంచలేదు. "ఎండల వచ్చిండ్రు, సల్ల తాగుండ్రి," అన్నాడు. ధరణి మజ్జిగ గ్లాసు అందుకుంది.

తిరుగుదారిలో ధరణే ఆ మాటెత్తింది.

"నీ మాటే కానిద్దాం అన్వేష్. కోడ్ మారినరోజే పేజీ మారాలి."

"నేను నీ దిక్కు మొగ్గిన అక్కా. ఆయన అసొంటోళ్ళు ఎట్ల రాస్తరు మరి?"

"ఫోన్లో చెప్తారు. నేను రాస్తాను."

"ఒక్కదానివే పరేషాన్ అయితవ్."

"ఇప్పుడు మాత్రం కావట్లేదా?"

ఆ సాయంత్రమే పాత వికీలు రెండూ మూసేశారు. అన్వేష్ మేడ్చల్ నర్సరీలో నారు కొని వీరభద్రం చేనుకు తీసుకెళ్ళి, దగ్గరుండి వాల్వులు సరిచేసి వచ్చాడు. ధరణి ఒక్కో పేజీని కోడ్‌తో సరిపోల్చుకుంటూ మళ్ళీ రాయసాగింది.

ఒకరోజు ఆఫీసులో భోజనాల వేళ వీరభద్రం వాయిస్ మెసేజ్ వచ్చింది: "మేడం, విరామం అంటే ఏంది? నీళ్ళు బంద్ చేసుడా?"

ధరణి పేజీలో ఆ మాట కొట్టేసి 'నీళ్ళు ఆపే సమయం' అని రాసి, అన్వేష్‌కి పంపింది.

"చూసిన అక్కా. ఎక్కించిన," అని జవాబొచ్చింది.

ఇంకా సగం పేజీలు మిగిలే ఉన్నాయి. ధరణి ల్యాప్‌టాప్ పక్కకు జరిపి, చల్లారిపోయిన అన్నం కలుపుకుంది.