ఒక్క సూది

"మిషను నడిచినంతసేపూ నిద్రే. ఆపితే లేస్తుంది. ఇంత బుద్ధిమంతురాలు ఎవరికి పుడుతుంది చెప్పు!"

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరితోనూ అత్తగారు ఇలాగే మురిసిపోయేది. కోడలు కుట్టుపని చేస్తుంటే, నాలుగు నెలల పిల్ల మిషను బల్ల చివర బుట్టలో పడుకునేది.

అత్తాకోడళ్లు టీకాకి తీసుకెళితే డాక్టరమ్మ పిల్ల చెవి వెనక గంట మోగించింది. పిల్ల కదల్లేదు. యంత్రం పెట్టి చూసి, రెండు చెవులూ వినబడవని చెప్పింది.

"కడుపుతో ఉన్నప్పుడు, మూడో నెలలో నీ ఒంటిమీద దద్దుర్లేమైనా వచ్చాయా?" అని కోడలిని అడిగింది.

వచ్చాయి. స్కూలు బట్టల కోసం వచ్చిన ఒక పిల్ల ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు. తను వంగి ఆ పిల్ల కొలతలు తీసుకుంది. రెండు వారాలకి తనకీ వచ్చి, మూడు రోజుల్లో పోయాయి. చెమటకాయలనుకుని ఒక్క పూటైనా పని మానలేదు.

"అది రుబెల్లా. తల్లిని వదిలేసి కడుపులో బిడ్డను పట్టుకుంటుంది. కడుపు రాకముందే ఒక్క సూది వేయించుకుని ఉంటే సరిపోయేదమ్మా."

పొద్దస్తమానం సూదితోనే బతికే మనిషికి ఆ ఒక్క సూది సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు ఏ గాడిదలు కాస్తున్నారో! ఆమెకు మాత్రం కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. డాక్టరమ్మ కోటు జేబుకి కుట్టు ఊడిందని గమనించిందంతే.

"వినబడకపోతే మిషను ఆపగానే ఎలా లేస్తుంది? వాళ్లకేం, నోటికొచ్చింది చెప్తారు" అని అత్తగారు దారంతా గొణిగింది. ఆ ఒక్క మాటనే కోడలు గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక, నిద్రపోతున్న పిల్లని బల్ల మీద కాకుండా అత్తగారి ఒళ్లో పెట్టి, మంచం మీద కూర్చోమంది. మిషను తొక్కింది. ఆపింది. పిల్ల లేవలేదు. మళ్లీ తొక్కి ఆపింది.

"బాగా అలిసిపోయిందిలే" అంది అత్తగారు.

మూడోసారి తర్వాత పిల్ల చెవి నిమిరింది.

ఆమె తొక్కుతూనే బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసింది. బల్ల సన్నగా వణుకుతోంది. ఇన్నాళ్లూ పిల్లకి తెలిసింది చప్పుడు కాదు, ఆ వణుకు.

సాయంత్రం పిల్ల లేచి ఏడ్చింది. ఆమె బుట్టను మళ్లీ బల్ల చివర పెట్టి, అందులో పిల్లని పడుకోబెట్టి, సూది కింద గుడ్డ లేకుండానే తొక్కడం మొదలుపెట్టింది. పిల్ల ఏడుపు ఆపి కళ్లు మూసుకుంది.

అత్తగారు వచ్చి చూసింది. "గుడ్డేదీ? ఏం కుడుతున్నావమ్మా?"

"కుట్టడం లేదత్తయ్యా" అంది ఆమె, కాలు ఆపకుండా. "జోకొడుతున్నా."