లక్క ముద్ర కింద తుపాకీ

నేను ఒక జోడు గొట్టాల తుపాకీని. ఇంగ్లీషు సీమలో తయారయ్యాను. నన్ను చేసినవాడు గొట్టాల లోపల అద్దంలా నునుపు తీర్చాడు. చేతికి తేలిగ్గా ఉండేలా బరువు సరిచూశాడు. నన్ను ఎవరైనా కాలుస్తారనుకున్నాడు, పాపం.

కొన్నవాళ్లంతా తెలివైనవాళ్లే. మొదటాయన మంచం కింద దాచి, ఎన్నడూ వాడలేదన్న ఒక్క గొప్పతో లాభానికి అమ్మాడు. రెండో ఆయనా అంతే. పని చెయ్యకుండా పడున్నకొద్దీ ధర పలికే సరుకుని నేను. చివరికి విశాఖలో, సముద్రం కనిపించే మేడలో, దాట్ల నీలాద్రిరాజు గారి బీరువాకు చేరాను. ఆయన నన్ను తోలుపెట్టెలో పెట్టి లక్కతో ముద్ర వేశారు. అతిథులకు ఆ పెట్టెనే చూపించేవారు. వాళ్లూ తలలూపేవారు.

ఆయన కూతురు శాంభవి గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను కాల్చే పోటీల్లో రాష్ట్ర జట్టు ఎంపికకు సిద్ధమవుతోంది.

"క్లబ్బు తుపాకీ నాకు పొడుగైపోయింది నాన్నగారూ. గురి తప్పుతోంది. ఎంపికకి ఇది ఇవ్వండి."

"ఒక్క తూటా పేలిందంటే ఇదీ అన్నిట్లో ఒకటైపోద్దమ్మా."

"పేలకపోతే ఇనప కడ్డీయే కదండీ."

"నీకు విలువ తెలీదు."

ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఎప్పుడూ పెట్టెతోనే పుచ్చుకునేవారు. ఈసారి కొత్తగా వచ్చిన ఎస్సై లలితకుమారి ఒప్పుకోలేదు.

"నంబరు చూడాలండి, విప్పండి."

"ముద్ర పోద్ది మేడమ్."

"పోతే మళ్లీ వేసుకోండి. లోపల తుపాకీ ఉందో రోకలి ఉందో నాకేం తెలుసు?"

లక్క పగిలింది. రాజుగారు చావుకబురు విన్నట్టు నిలబడ్డారు. వెంట వచ్చిన శాంభవి మాత్రం నిదానంగా అడిగింది.

"ముద్ర ఎలాగూ పోయింది. ఎన్నికలయ్యాక నాకిస్తారా నాన్నగారూ?"

ఆయన పగిలిన లక్క ముక్కలు ఏరి జేబులో వేసుకుంటూ "సరే" అన్నారు.

నేను పుట్టిందగ్గర్నుంచీ ఎదురుచూసిన మాట అది. శాంభవి నన్ను తెరిచి, గొట్టాలను వెలుతురుకెత్తి కన్ను పెట్టింది. ఇన్నాళ్లూ తోలు ఉప్పుగాలిని పీల్చింది, తోలులోని తేమను నేను పీల్చాను. అప్పుడప్పుడు తుడిచి నూనె రాస్తే సరిపోయేది. ముద్ర పోతుందని ఆయన ఆ పనీ చెయ్యలేదు. లోపలంతా తుప్పు తిన్న గుంటలు.

"దీన్ని కాలిస్తే నా మొహం మీదే పేలుద్దండి," అని నన్ను మెల్లగా మూసి బల్ల మీద పెట్టింది.

ఆ పిల్ల క్లబ్బు తుపాకీతోనే ఎంపికకు వెళ్లి, జట్టులో చోటు లేక తిరిగొచ్చింది. ఎన్నికలయ్యాక రాజుగారు నన్ను ఇంటికి తెచ్చి, కొత్త లక్క కరిగించి ముద్ర వేశారు. అతిథులొస్తే ఇప్పటికీ అదే మాట.

"దీంట్లోంచి ఒక్క తూటా కూడా రాలేదండి."

ఇక రాదు కూడా. అమ్మేవాడు సరుకుకు ఇంతకన్నా గట్టి హామీ ఇవ్వలేడు.