కొమురవ్వ చెయ్యి

సకల జనుల సమ్మె రోజులు. బస్సులు బందు. బయ్యారం రోడ్డుకు అడ్డం ట్రాక్టర్లు పెట్టింది మేమే. రాస్తారోకోకు ఆడోళ్లను పిలుద్దామని చర్చి గుడి కాడికి పోయిన.

ఫాదర్ పొద్దున పూజ చేసి మానుకోటకు పోయిండు. ఇప్పుడు షామియాన కింద కొమురవ్వ ప్రార్థన కూటం. పూజల నోరు మూసుకొని కూసునే ఆడోళ్లు ఇక్కడ చేతులెత్తి ఏడుస్తరు, తెల్వని భాషల్ల మొత్తుకుంటరు. కలుపు తీసే కొమురవ్వ మైకు పడితే సర్పంచ్ సుత చెప్పులిడిచి నిలబడుతడు. జనం ఎందుకొస్తరో తెల్వకుంటే ఒక్కనాడు కూలికి పోయి చూడుండ్రి.

గంగి బిడ్డ మార్తకు మూర్ఛలు. పోయిన నెల గంగి ఇదే మైకుల, బిడ్డకు నయమైందని సాక్ష్యం చెప్పింది. సాక్ష్యం చెప్పినంక గోలీ మింగిస్తే దేవుణ్ణి అనుమానించినట్టేనని గోలీలు బంజేసింది. కొమురవ్వ బంజేయమనలే. బంజేయద్దని సుత అనలే.

ఆ మార్త స్తుతి నడుమ దబ్బున పడ్డది. కొమురవ్వ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి ఎత్తేదాక పిల్లను ఎవరూ ముట్టద్దు, కూటం కట్టుబాటు. ఒక మూర్ఛ ఆగింది. పిల్ల కండ్లు తెరవకముందే ఇంకోటి. పెదవులు నీలమైనయి.

"దవాఖానకు తీస్కపోదాం అవ్వా!" అన్న.

"నువ్వు పోయి జెండాలు మోసుకో తమ్మీ" అన్నది కొమురవ్వ పక్కనుండి పాటలెత్తుకునే మంగమ్మ. "పవిత్రాత్మ పని జేస్తున్నది."

"అవ్వా, చెయ్యి తియ్యి" అన్నది గంగి.

"విశ్వాసం ఇడవకు బిడ్డా" అన్నది కొమురవ్వ, చెయ్యి తియ్యకుంటనే. కూటం ఎప్పుడు బందు పెడుదామా అని ఫాదర్ ఎన్నాళ్ల సందో చూస్తున్నడు. చెయ్యి తీస్తే రేపటి సంది ఆమె ఉత్త కూలిదే.

గంగి మైకు గుంజుకున్నది. "నా సాక్ష్యం అబద్ధం! నా బిడ్డకు నయం కాలే! లేపుండ్రి!"

"సైతాను మాట్లాడుతున్నది!" అని మొత్తుకున్నది మంగమ్మ.

"సైతానే అనుకోండ్రి! లేపుండ్రే!"

ఒక్కరు లేవలే. అందరి కండ్లు ఆ చెయ్యి మీదనే.

కొమురవ్వ చెయ్యి తీసింది. ఆమెన్ అనలే. "ఏం జూస్తుండ్రు? ఆటో పిలువుండ్రి!"

నేను ఉరికి ట్రాక్టర్ పక్కకు తీయించిన. "ఒక్క బండి పోవద్దని పొద్దున నువ్వే అంటివి గదన్నా?" అన్నరు మావోళ్లు. బూతులు తిట్టి తీయించిన. పిల్లను పట్టుకొని గంగి, కొమురవ్వ, నేను ఆటోల పోయినం.

మానుకోట దవాఖానల సూది ఇచ్చినంక పిల్ల ఒళ్లు సడలింది. ఊపిరి మంచిగ ఆడింది. వెనక ఆటోల వచ్చిన మంగమ్మ వరండాల మోకాళ్ల మీద పడ్డది. "అల్లెలూయ! కొమురవ్వ చెయ్యి పడ్డది, మార్త బతికింది!"

నలుగురు చేతులెత్తిండ్రు. గంగి కొమురవ్వ మొఖం చూసింది.

"నోర్ముయ్యి మంగమ్మా" అన్నది కొమురవ్వ. "డాక్టర్ సూదితోని బతికింది." గంగి దిక్కు తిరిగింది. "గోలీలు ఇంట్ల ఉన్నయా, పారేసినవా?"