పావుగంట తేడా

ఏసుదానం టేబులు కింద మోకాళ్ళ మీద కూర్చుని, దుమ్ము పట్టిన వైర్లను ఒక్కొక్కటిగా తడిమి చూస్తున్నాడు. వదులైన దాన్ని గట్టిగా నొక్కగానే పైన కంప్యూటరు సన్నగా మూలిగి వెలిగింది. టేబులు అంచు పట్టుకుని మెల్లగా లేచాడు. కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

విత్తనాలూ ఎరువులూ అమ్మే ఆ సహకార సంస్థకు హెడ్డాఫీసు విజయనగరం. నెల్లిమర్ల, భోగాపురం బ్రాంచీలు ముగించి ఇవాళ చీపురుపల్లి వచ్చాడు. ఇదే ఆఖరిది. ఒక్కో కంప్యూటర్లో మెయిలూ కేలండరూ ఒక్కో తీరుగా ఉండేవి. ఒకరికి వారం ఆదివారంతో మొదలయ్యేది, మరొకరికి సోమవారంతో. ఒకరికి మీటింగు గంట మోగేది, మరొకరికి మోగేది కాదు. ఒకాయన పంపే మెయిళ్ళ కింద ఎప్పుడో రిటైరైన ఆఫీసరు పేరు వెళ్ళేది. అన్నిటినీ ఒకే తీరుకు తెచ్చి విశాఖపట్నంలోని కంప్యూటర్ల కంపెనీకి అప్పగిస్తే, ఆ తరువాత అంతా అక్కడినుంచే నడుస్తుంది.

మీసాలు సరిగా రాని వయసులో ఏసుదానం ఆ సంస్థలో టెలిఫోను ఆపరేటరుగా చేరాడు. టెలిఫోను బోర్డు తీసేశాక టైపు మిషను ముందు కూర్చోబెట్టారు. టైపు మిషను పోయి కంప్యూటర్లు వచ్చాక, బాగుచేయడానికి వచ్చినవాళ్ళ భుజాల మీంచి తొంగిచూసి పని నేర్చుకున్నాడు. రిటైరయ్యాక కాంట్రాక్టు మీద మళ్ళీ పిలిచారు. ఏళ్ళ తరబడి అతని ఫోనుకు సెలవు లేదు. అన్నం ముందు కూర్చున్నా, ఆస్పత్రిలో ఉన్నా ఎవరికో ఒకరికి మెయిలు వెళ్ళేది కాదు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో ప్రార్థన సగంలో ఉండగా జేబు అదిరేది. తల వంచుకుని బయటికొచ్చి, చెప్పుల మధ్య మెట్ల మీద కూర్చుని, ఏ బొత్తాం ఎక్కడుందో గుసగుసగా చెప్పేవాడు. కూతురి పెళ్ళిలో పాస్టరుగారు దీవిస్తున్నప్పుడూ అతను ఆ మెట్ల మీదే ఉన్నాడు. అందుకు భార్య జ్ఞానసుందరి ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి గుర్తుండిపోయింది.

మధ్యాహ్నానికి రాజకుమారి సీటు దగ్గరికి వచ్చాడు. ముప్ఫై దాటిన మనిషి, బిల్లులు ఎక్కిస్తుంది. కుర్చీ అతనికి ఇచ్చి పక్కన నిలబడింది. తోటివాళ్ళు కేరేజీలు విప్పుకుంటున్నా ఆమె విప్పలేదు. అడిగితే చెప్పింది. హెడ్డాఫీసు వాళ్ళు బ్రాంచీల గుమాస్తాలకు వీడియోలో మీటింగు పెడతారు. ప్రతిసారీ ఆలస్యంగా వస్తోందని ఆమెకు మెమో ఇచ్చారు. సరైన టైముకే వచ్చానని ఆమె అన్న మాటను ఎదురుజవాబుగా రాసుకున్నారు. సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తారు.

"అలారం కూడా ఎట్టుకున్నాను బాబాయ్," అంది గొంతు తగ్గించి. "అయినా లేటే అంటారు. మా అమ్మకి మతి పోవడం ఇలాగే మొదలైనాది. నాక్కూడా..." మాట మింగేసింది.

ఏసుదానం సెట్టింగుల పేజీ తెరిచాడు. అన్ని చోట్లా చేసినట్టే వారం మొదటి రోజు మార్చాడు, గంట మోగేలా పెట్టాడు. ఏ దేశపు టైమన్న గడి దగ్గర వేలు ఆగిపోయింది. తెర మూలన గడియారం మన టైమే చూపిస్తోంది. కేలండరు లోపలి గడిలో మాత్రం ఖాట్మండు అని ఉంది.

"సూడమ్మా. ఇది నేపాలు టైము. మనకన్నా పావుగంట ముందుంటాది. పదిన్నర మీటింగు నీకు పదీ ముప్పావని సూపిస్తన్నాది."

రాజకుమారి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"మరయితే నాకేటీ అవలేదా?"

"నీకేటవుద్ది? నువ్వు బాగానే ఉన్నావు. ఇండియా పక్కనున్న పేరు ఎవలో నొక్కీసినారు."

అప్పుడే మార్చేస్తే చూపించడానికి ఏమీ మిగలదని, ఏసుదానం మేనేజరు నరసింగరావును పిలిచాడు. ఆయన వచ్చి తెర చూసి, ఎదుటి కుర్చీలో బరువుగా కూలబడ్డాడు. ఆ మెమో మీద ఆయన అభిప్రాయం కూడా రాసి పంపాలట.

"రాయనేక వారం బట్టీ తిరగతన్నాను," అన్నాడు. "బతికించావయ్యా."

నరసింగరావే తెరను ఫోటో తీసి పంపి, హెడ్డాఫీసులో మెమో ఇచ్చిన ఆఫీసరు నీలవేణికి ఫోన్ చేశాడు. జవాబు రాయనక్కర్లేదనీ, మెమో తానే వెనక్కి తీసుకుంటాననీ ఆమె చెప్పింది. తరువాత ఫోను రాజకుమారికి ఇమ్మంది. ఏమందో వీళ్ళకు వినిపించలేదు. రాజకుమారి మాత్రం, పర్లేదు మేడమ్, పర్లేదు మేడమ్ అంటూ ఉండిపోయింది.

ఏసుదానం ఖాట్మండు తీసి ఇండియా పెట్టాడు. రాజకుమారి కేరేజీ విప్పి, చల్లారిన అన్నంలో పప్పు కలుపుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. అతనికి అరటిపండు పెట్టింది.

సాయంత్రం పని ముగిసింది. బండికి టైమవుతోందని అతను సంచీ సర్దుకుంటుంటే, మళ్ళీ ఎప్పుడు వస్తారని అడిగింది.

"ఇంక రానమ్మా. నా పని ఈయేళ్టితో సరి. ఏటన్నా అయితే విశాపట్నం నెంబరుకి సెయ్యి, ఆలు సూసుకుంటారు."

విశాఖపట్నం కంపెనీ వాళ్ళు తమతో పనికి రమ్మన్నారనీ, తానే వద్దన్నాడనీ అతను చెప్పలేదు. ఆమె టేబులు మీద ఆర్పేసిన తెరలో చూసుకుంటూ తల దువ్వుకున్నాడు. నరసింగరావు చేయి పట్టుకుని ఊపితే నవ్వి, వస్తానన్నాడు.

స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చుని జ్ఞానసుందరికి ఫోన్ చేశాడు.

"రేపు పార్దనలో ఆకరుదాకా నీ పక్కనే కూకుంటాను."

"సూద్దుం," అందామె. గొంతులో నవ్వు దాగలేదు.

ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. బండి వచ్చేదాకా గాలికి చొక్కా గుండీ విప్పుకుని, ఊరికే కూర్చున్నాడు.

ఆఫీసులో లైట్లు ఆర్పుతూ రాజకుమారి తన టేబులు వైపు చూసింది. కీబోర్డు పక్కన పొట్టి నల్ల దువ్వెన ఒకటి ఉంది, పళ్ళ మధ్య ఒక తెల్ల వెంట్రుకతో.