నాలుగో కారణం

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున మొదలైన జల్లు పావుగంట క్రితమే ఆగింది. గాలి లేదు, ఎండ లేదు. స్టాఫ్‌రూం కిటికీ చువ్వలకు నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి. పార్లమెంటు సమావేశం చూపిస్తున్న టీవీ ముందు తొమ్మిదిమంది ఉపాధ్యాయులు కూర్చున్నారు. గుమ్మానికి ఆనుకుని బడి కాపలాదారు నిలబడ్డాడు. అతన్ని అందరూ తాళాలాయన అంటారు. మధ్య కుర్చీలో హెడ్మిస్ట్రెస్. తెర మీద ప్రశ్న వేయడానికి లేచిన సభ్యుడు ఆమె సొంత తమ్ముడు.

"మేడం, తమ్ముడుగారు కాస్త ఒళ్లు చేశారు" అంది లెక్కల టీచరు.

"పని లేకుండా కూర్చోబెడితే ఎవరైనా చేస్తారు" అంది హెడ్మిస్ట్రెస్. అందరూ నవ్వారు.

తమ్ముడు సూటిగానే అడిగాడు. బడులకు పంపిన కంప్యూటర్లలో ఎన్ని పనిచేస్తున్నాయి, పనిచేయనివి ఎందుకు పనిచేయడం లేదు అని. ఉదాహరణగా ఈ బడినే చెప్పాడు. మూడేళ్ల క్రితం వచ్చిన ఇరవై నాలుగింటిలో నేటికి పనిచేస్తున్నవి ఏడు. ఆ అంకెలు ఆమె ఇచ్చినవే. పాత నివేదికల నకళ్లు ఒక అట్టలో పెట్టి, మరోసారి చదవకుండా, గర్వంగా తమ్ముడి చేతికి ఇచ్చింది. అతను వాటిని ప్రశ్నకు జతచేసి మంత్రిత్వ శాఖకు పంపాడు.

మంత్రి తొందరపడకుండా లేచాడు.

"గౌరవ సభ్యులు చెప్పిన బడి సంగతే చెబుతాను. అక్కడ మూడేళ్లలో నాలుగుసార్లు దుండగులు చొరబడి యంత్రాలు ధ్వంసం చేశారు. ఇది నేను కల్పించిన మాట కాదు. వారు జతచేసిన కాగితాల్లోనే ప్రధానోపాధ్యాయురాలి సంతకంతో ఉంది. సరఫరాలో లోపం లేదు. లోపమల్లా కాపలాలో. వారంలోగా బాధ్యుల మీద చర్య తీసుకుంటాం."

సభలో బల్లలు చరిచారు. తమ్ముడు ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే గొంతు సవరించుకుని, విధ్వంసం ఇంత తీవ్రంగా ఉందని తానూ మొదటినుంచీ చెబుతున్నానని అన్నాడు. అతనికీ బల్లలు చరిచారు.

స్టాఫ్‌రూంలో ఎవరూ గుమ్మం వైపు తల తిప్పలేదు.

నిజానికి ఆ బడిలోకి ఏ దుండగుడూ ఎప్పుడూ రాలేదు. జరిగింది వేరు. కంప్యూటర్లు తెచ్చిన లారీ డ్రైవరు, అదే రోజు ఇంకో మూడు బడులకు వెళ్లాలని, సీళ్లు విప్పకముందే 'మంచి స్థితిలో అందినవి' అన్న రసీదు మీద సంతకం అడిగాడు. అన్ని బడులూ అలాగే చేస్తాయి, ఆమె కూడా చేసింది. పెట్టెలు విప్పాక తొమ్మిది యంత్రాలకు ప్రాణం లేదు. కంపెనీవాళ్లు ఆమె సంతకమే ఆమెకు చూపించారు. మార్పించమని జిల్లా కార్యాలయాన్ని అడిగితే ఒక అచ్చు ఫారం పంపారు. అందులో నష్టానికి నాలుగే కారణాలున్నాయి: అగ్నిప్రమాదం, వరద, దొంగతనం, విధ్వంసం. వచ్చినప్పుడే పాడైందని రాయడానికి చోటే లేదు.

"నిప్పంటే ఫైరింజను వాళ్ల కాగితం కావాలి మేడం" అన్నాడు కార్యాలయం గుమాస్తా ఫోనులో. "వరదంటే ఊరంతా మునగాలి. దొంగతనమంటే పోలీసులొస్తారు. నాలుగోదానికి పగిలిన కిటికీ ఫోటో ఒక్కటి చాలు. అందరూ అదే పెడతారు."

ఇరవై ఏడేళ్లు చరిత్ర బోధించి, రాజముద్ర ఉన్నంత మాత్రాన శాసనాన్ని నమ్మకండని పిల్లలకు నేర్పిన మనిషి ఆమె. నాలుగో గడిలో టిక్కు పెట్టింది. పిల్లల కోసమే పెట్టింది, అందులో అబద్ధం లేదు. బదులుగా వచ్చిన తొమ్మిదింటిలో మూడు మళ్లీ ప్రాణం లేనివే. ఎర్తు తీగ లేని గదిలో మిగిలినవి ఒక్కొక్కటే మాడిపోయాయి. ఫారం మీద ఫారం వెళ్లింది. మొదటి రెండుసార్లు బంతి తగిలి చిట్లిన పాత అద్దం పనికొచ్చింది. మూడోసారికి కిటికీలకు కొత్త అద్దాలు వేసి ఉన్నాయి. కాపలాదారును పిలిచింది.

"ఆ అద్దం పగలగొట్టాలి."

"ఎవరు పగలగొట్టాలమ్మగారూ?"

"నువ్వే."

అతను కాసేపు అద్దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "పదహారేళ్ల నుంచి వీటి జోలికి ఒక్కణ్ని రానివ్వలేదు. ఇప్పుడు కొట్టాలంటే నాకే మొహమాటంగా ఉంది" అన్నాడు. చీపురు కర్రతో కొడితే మొదటి దెబ్బకు పగల్లేదు. "గట్టిదే వేశారు" అని మెచ్చుకుని రెండోసారి కొట్టాడు. ఫోటో తీశాక ముక్కలు తనే ఊడ్చి పారబోశాడు. నాలుగోసారి ఆమె నోరు విప్పి చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

ప్రసారం ముగియగానే అతన్ని తన గదికి పిలిచింది.

"నేను చూసుకుంటాను. అప్పటిదాకా ఎవరేం అడిగినా నువ్వేం చెప్పకు."

"సరేనమ్మగారూ. ఇంకో పద్నాలుగు నెలలేగా నాకు మిగిలింది. పింఛనుకు అడ్డం రాకుండా చూడండి, చాలు."

ఆ సాయంత్రమే జరిగినదంతా తేదీలతో సహా రెండు పేజీల్లో రాసి సంతకం చేసింది. ఆదివారం తమ్ముడు ఊళ్లోకి వస్తే, దాన్ని పట్టుకుని అతని ఇంటికి వెళ్లింది. సందర్శకుల కుర్చీలు ఇంకా ఖాళీ కాని ముందుగదిలోంచి అతను ఆమెను లోపలికి తీసుకెళ్లి, ఉత్తరం నిలబడే చదివాడు.

"నీకేమైనా మతిపోయిందా అక్కా?"

"మతిపోయి రాసినవి ఆ నాలుగు ఫారాలు. ఇది తెలివొచ్చాక రాసింది."

"ఇది బయటపడితే నీ ఉద్యోగం ఊడుతుంది. తప్పుడు కాగితాలు పట్టుకుని సభకెక్కానని నన్ను చీల్చి చెండాడతారు."

"మరి తాళాలాయన ఉద్యోగం?"

"శుక్రవారంతో సమావేశాలు అయిపోతాయి. అప్పుడు మంత్రితో నేను మాట్లాడతా. చప్పుడు కాకుండా సర్దేద్దాం. ఈ ఒక్క వారం ఆగు."

"చిన్నప్పుడూ ఇదే పాట నీది. ఇంట్లో ఏది పగలగొట్టినా, నాన్నకు రేపు చెబుదామక్కా అనేవాడివి. తెల్లారేసరికి పనమ్మాయి తిట్లు తినేది."

తమ్ముడు ఉత్తరం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు మాత్రం ఎప్పుడైనా చెప్పావా?"

ఆమె ఉత్తరం సంచిలో పెట్టుకుంది. తన ఉత్తరం కంటే తమ్ముడి మాటకే బలమెక్కువని దారిపొడవునా తనకు తాను నచ్చజెప్పుకుంది. అది నిజమే. తనకు ఇంకా ఎనిమిదేళ్ల ఉద్యోగం ఉందన్నదీ అంతే నిజం. ఈ రెండింటిలో తనను ఆపింది ఏదో ఆమె తేల్చుకోలేదు.

విచారణాధికారి శుక్రవారం దాకా ఆగలేదు. బుధవారమే వచ్చాడు. ఆమె పదో తరగతిలో పాఠం చెబుతుండగా కాపలాదారును కూర్చోబెట్టి అడిగాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అతను మౌనంగా ఉన్నాడు. అధికారి విసిగిపోయి, విధి నిర్వహణలో నిద్రించినందున దుండగులను గమనించలేదని తనే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాడు.

గంట కొట్టాక ఆమెకు తెలిసింది.

"నిద్రపోయానని ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఏం చెప్పొద్దన్నారు కదమ్మగారూ. ఏదో ఒకటి ఒప్పుకోకపోతే ఆయన కదిలేలా లేడు. నిద్రపోవడమంటే చిన్న తప్పే కదా అనుకున్నా."

గురువారం మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం నుంచి తొలగింపు, పింఛను లేదు. ఆమె వెంటనే పోస్టాఫీసుకు నడిచి వెళ్లి తన ఉత్తరాన్ని మంత్రిత్వ శాఖకు రిజిస్టరు పోస్టులో పంపింది. నలభై రోజులకు జవాబు వచ్చింది: సదరు కాపలాదారు తన తప్పిదాన్ని స్వయంగా అంగీకరించినందునా, విషయం సభకు నివేదించబడినందునా తమ లేఖ పరిశీలనార్హం కాదు. ఆమె మీద చర్య తీసుకోవాలంటే మంత్రి సభలో తప్పు చెప్పాడని రాయాలి. అలా రాసేవాళ్లు ఆ శాఖలో లేరు. కనుక ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. తమ్ముడు మంత్రితో మాట్లాడాడో లేదో ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఉత్తర్వు అందిన మర్నాడు కాపలాదారు తాళాలు అప్పగించడానికి వచ్చాడు. ఇరవై ఒక్క తాళంచెవులు బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ దేనిదో చెప్పాడు.

"ఇది కంప్యూటర్ల గదిది. కొంచెం ఎడమకు తిప్పి పైకెత్తాలి. కొత్తగా వచ్చే ఆయనకు చెప్పండి."

"నన్ను నాలుగు మాటలు అను" అంది ఆమె.

"అంటే మీకు తేలికవుతుందమ్మగారూ" అన్నాడు అతను. గొంతు పెంచలేదు. తాళాల పుస్తకంలో ఆమె చేత సంతకం పెట్టించుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు అతను ఒక ఫర్నిచరు దుకాణం గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని పనిచేశాడు. డెబ్బయ్యో ఏట మోకాళ్లు సహకరించక మానుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ ఎనిమిదేళ్లకు పదవీ విరమణ చేసింది. ఆమె పింఛను మొదటి నెల నుంచీ సక్రమంగా అందింది.