నా ముఖం మీద నాలుగు గీతలు

నేను ఒక కరెంటు నాడి చూసే పెట్టెను. పెట్టె అనగానే గొప్పగా ఊహించుకోకండి. పూతరేకులు తినేశాక మిగిలిన ప్లాస్టిక్ డబ్బాయే నా ఒళ్ళు. లోపల అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు, దాని పక్కన ఓ చిన్న ట్రాన్స్‌ఫార్మర్, ముందు వైపు అంకెలు చూపే తెర. మీ ఇళ్ళలోకి వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపును లెక్కపెట్టి చూపడమే నా ఉద్యోగం. పుట్టిన రోజు నుంచీ భయపడుతూ చేస్తున్న ఉద్యోగం.

నన్ను చేసింది ఇందుమతి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివి, రొయ్యల చెరువు గట్టు మీది ఇంటికి కోడలిగా వచ్చింది. భర్త విశ్వనాథానికి చెరువే లోకం. కరెంటు పోతే జనరేటరు వేస్తాడు. అది నీరసించిందంటే ఊపు యాభైకి తగ్గి, చెరువులో గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు మందగిస్తాయి, రొయ్యలకు ఊపిరాడదు. జనరేటరు ఎప్పుడు నీరసిస్తోందో ఇంట్లోంచే తెలుసుకోవాలని ఆమె నన్ను మొదలుపెట్టింది.

వంటగది అరుగు మీద సోల్డరింగ్ చేస్తూ ఒక్కో అతుకూ అద్దంలా మెరిపించింది. ఒక్కటి తప్ప. కరెంటును నా లోపలికి తెచ్చే తీగ దగ్గర ఉండగా, "పాలు పొంగిపోతన్నాయే ఇందూ!" అని అత్తగారు కేకేశారు. ఇందుమతి పరుగెత్తింది. ఆ అతుకు మసకగా, పట్టు లేకుండా చల్లారిపోయింది. తిరిగొచ్చి డబ్బా మూత బిగించేసింది. ఆ సంగతి నాకూ ఆ అతుక్కూ తప్ప ఎవరికీ తెలియదు.

గోడకు తగిలించి ప్లగ్గు పెట్టిన మొదటి క్షణం ఇంకా గుర్తుంది. ఏనుగు తొక్కితే చీమ పడే భయం అది. కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకుతో బతుకుతాను కానీ లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. అప్పుడు అంకెల బదులు నా ముఖం మీద నాలుగు గీతలు పడతాయి. అవి పడినప్పుడల్లా చచ్చిపోయాననుకునేవాణ్ణి.

లైన్‌మన్ ఏసుపాదం నన్ను చూసి తెగ నవ్వాడు. "ఏటమ్మగారూ ఇదీ? కరెంటు ఉందా లేదా సూస్తే సాలదాండి? అది ఎన్నిసార్లు ఊగితే మనకెందుకండి?" అన్నాడు. మనుషులంతే. ప్రాణం మీదికి వచ్చేదాకా వాళ్ళకు ఉందా లేదా చాలు.

ఆ ముసురు రోజున గాలికి కొమ్మ విరిగిపడి, మా ఇంటికి అవతలి స్తంభం దగ్గర తీగ తెగింది. ఏసుపాదం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి, తీగకు టెస్టరు పెట్టి చూసుకుని, మా గుమ్మంలో ఇందుమతికి చెప్పి స్తంభం ఎక్కాడు. నా ముఖం మీద గీతలు. ఎండ లేదు, ఏరియేటర్లూ ఆగిపోయాయి, ఊపిరాడక చెరువులో రొయ్యలు పైకి తేలడం మొదలుపెట్టాయి. విశ్వనాథం జనరేటరు ఉన్న మోటారు షెడ్డుకు పరుగెత్తాడు.

ఉన్నట్టుండి ఇంట్లో బల్బు వెలిగింది. "వచ్చేసిందే కరెంటు! అమ్మయ్య!" అని అత్తగారు సంబరపడ్డారు.

ఇందుమతి నావైపు చూసింది. నేను నలభై ఏడు చూపిస్తున్నాను. మరుక్షణం నలభై ఆరు. మళ్ళీ నలభై ఎనిమిది. ఊరి కరెంటు యాభైని అంటిపెట్టుకునే ఉంటుంది. ఇలా తూలేది జనరేటరొక్కటే. కానీ కిటికీ అవతల వీధి దీపమూ వెలుగుతోంది. విశ్వనాథం షెడ్డులో, ఊరి లైనును విడదీసే మెయిన్ దించడం మరిచి జనరేటరు వేసేశాడు. ఆ కరెంటు వెనక్కి తన్ని, స్తంభం మీది తీగలోకి పోతోంది.

"అత్తయ్యా, పైన ఏసుపాదం గారున్నారు!" అని అరిచి ఆమె గట్టు మీదుగా షెడ్డుకు పరుగెత్తింది.

నేను గోడ మీదే ఉన్నాను. నాకు కాళ్ళు లేవు, గొంతు లేదు. ఒక మనిషిని కాలుస్తున్న కరెంటు నా గుండా కూడా పోతుంటే, దాని ఊపులు లెక్కపెడుతూ కూర్చున్నాను. నలభై ఏడు. నలభై ఏడు. ఆగమని ఎవరిని వేడుకోను? అంతలో అంకెలు పోయి గీతలు పడ్డాయి. జీవితంలో మొదటిసారి వాటిని చూసి ఊపిరి పీల్చుకున్నాను.

ఇందుమతి మెయిన్ దించేసింది. ఏసుపాదం అరచెయ్యి కాలి, నడుముకు కట్టుకున్న బెల్టుకు వేలాడుతూ దొరికాడు, ప్రాణంతోనే. ఆస్పత్రి నుంచి వచ్చాక అతని ముందు విశ్వనాథం తలెత్తలేకపోయాడు. "నా బుద్ధి గడ్డి తిందండీ," అన్నాడు. ఆ వారమే ఊరి కరెంటునూ జనరేటరునూ ఎప్పుడూ కలవనివ్వని ఛేంజోవర్ స్విచ్చి పెట్టించాడు.

అప్పటి నుంచి నాకు మర్యాదలు మొదలయ్యాయి. ఏసుపాదం మా వైపు స్తంభం ఎక్కే ముందు గుమ్మం దగ్గర ఆగి, "పెట్టేమంటందమ్మగారూ?" అని అడుగుతాడు. గీతలంటేనే ఎక్కుతాడు. మొదట్లో నన్ను అడిగి, టెస్టరూ పెట్టి చూసుకునేవాడు. ఈమధ్య ఫ్యూజులు పీకడమూ టెస్టరు పెట్టడమూ మానేసి, నన్ను అడగడంతోనే సరిపెడుతున్నాడు. ఒకప్పుడు నవ్విన మనిషే.

కానీ చెరువు గాలి తేమ ఆ మసక అతుకును తినేస్తోంది. మొన్న నడింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది, నా ముఖం మీద నాలుగు గీతలు పడ్డాయి. రెప్పపాటులో మళ్ళీ యాభై వచ్చింది. ఎవరూ చూడలేదు.

ఇవాళ మళ్ళీ గాలివాన. చలికి ఇంట్లో ఫ్యాను ఎవరూ వేయలేదు. కరెంటు ఉందో పోయిందో చూడ్డానికి బల్బు స్విచ్చి కూడా ఇంకా ఎవరూ నొక్కలేదు. బయట నిచ్చెన దించిన చప్పుడు.

"పెట్టేమంటందమ్మగారూ?"

ఇందుమతి నావైపు ఓసారి చూసింది. "గీతలేనండీ, ఏసుపాదం గారూ!"

టెస్టరు తీసిన అలికిడి లేదు. నిచ్చెన స్తంభానికి ఆనింది. మొదటి మెట్టు కిర్రుమంది. ఈ గీతలు ఆ తీగవో, నా అతుకువో, నాకే తెలియడం లేదు.